ఓ గ్రూపు కాని ఓ గ్రూపు

పోయిన నెల చిక్కబళ్ళాపురం నుంచి ఇద్దరు అమ్మాయిలు చింతామణిలో మా ఇంటికి వచ్చారు. నేను పనిచేసి రిటైరైన బ్లడ్ బ్యాంకులో కొత్తగా చేరారు. కాఫీ తాగుతూ ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, రోజూ అవే నాలుగు గ్రూపులు, అవే ట్యూబులు. ఇన్నేళ్ళు మీకు బేజారు కాలేదా?"

బేజారా! కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఆ సాయంత్రం వాళ్ళకు రెండు బస్సులు తప్పిపోయాయి. వాళ్ళు వెళ్ళాక కూడా నా నోరు ఊరుకోలేదు. మా ఆయన నవ్వి, "ఇక నాకు చెప్పకు, రాసుకో" అన్నారు. రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అనేవి ఇందులో ఉండవు. రక్తం ఉంటుంది, దాని చుట్టూ తిరిగిన మనుషులు ఉంటారు.

మొదటి చుక్క

మా నాన్నది చింతామణిలో చింతపండు దుకాణం. మా ఇంట్లో అందరూ తక్కెడ పట్టినవాళ్ళే, సూది పట్టింది నేనొక్కదాన్నే. చేరిన మొదటి వారంలో డాక్టర్ నాగభూషణగారు నన్ను పిలిచి, తెల్లటి పలక మీద రెండు చుక్కల రక్తం వేశారు. ఒకదాని పక్కన ఎ మందు, ఇంకోదాని పక్కన బి మందు వేసి, పుల్లతో కలిపి, పలకను చేత్తో మెల్లగా ఊపారు. చూస్తుండగానే మొదటి చుక్క ఎర్ర ఇసుకలా రవ్వలు రవ్వలుగా విరిగిపోయింది. రెండోది నున్నగా, కుంకుమ నీళ్ళలా అలాగే ఉండిపోయింది.

"కణాలు గుంపు కట్టినాయి చూడు సుగుణమ్మా. ఎ మందుకు గుంపు కడితే ఎ. బి మందుకు కడితే బి. రెండిటికీ కడితే ఎబి. దేనికీ కట్టకపోతే ఓ. తెలిసెనా?"

"ఇంతేనా సార్?"

"ఇది సగమే."

మిగతా సగం సీరం. రక్తం గడ్డకట్టాక పైన తేలే పచ్చటి నీరు అది. దానికి తనవాళ్ళు, పరాయివాళ్ళు తెలుసు. ఎ గ్రూపు మనిషి సీరం బి కణాల మీద పడి వాటిని గుంపు కట్టిస్తుంది. ఓ గ్రూపు మనిషి సీరం ఎ, బి రెండింటి మీదా పడుతుంది. ఓ కణాలను మాత్రం ఏ గ్రూపు సీరమూ ముట్టుకోదు. కణాలు చెప్పిన మాట, సీరం చెప్పిన మాట ఒకటే అయితేనే గ్రూపు రాయాలి. ఒకటి కాకపోతే ఆగాలి.

డాక్టరుగారు పొట్టిగా ఉండేవారు. తెల్లకోటు జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు. సగం తెలుగు, సగం కన్నడం. గొంతు పెంచి తిట్టడం ఆయనకు తెలియదు. కానీ సీరం పరీక్ష ఎగ్గొట్టి ఎవరైనా గ్రూపు రాసిచ్చారంటే ఆ రోజు ట్యూబులన్నీ వాళ్ళ చేతే కడిగించేవారు. "సగం మాట విని పెండ్లికని పోతే చావింట్లో తేలతావు" అనేవారు. నేను చూసిన అధికారుల్లో చాలామంది పని తెలిసినవాళ్ళే. పని అంటే ఇంత సంబరపడినవాళ్ళు మాత్రం ఆయనొక్కరే.

సినిమా చూసి వచ్చేవాళ్ళు

రక్తం గురించి మన జనానికి తెలిసినదంతా సినిమా నేర్పినదే. రెండు మంచాలు, ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక గొట్టం. వాడి చేతిలోంచి వీడి చేతిలోకి రక్తం నడుస్తుంటే వెనక వీణ వాయిస్తారు. మండికల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన భార్యకు ఆపరేషన్ అంటే మా బెంచీ మీద వెల్లకిలా పడుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"గొట్టం పెట్టమ్మా. నాది నేరుగా ఆమెకు పోనీ."

"నీ గ్రూపు, ఆమె గ్రూపు చూడాలి కదప్పా."

"మొగుడు పెండ్లాలకి గ్రూపేందమ్మా!"

బాగేపల్లిలో సినిమా హీరో పుట్టినరోజు నాడు అభిమానులు రక్తదాన శిబిరం పెట్టేవారు. మా బ్యాగులు నిండేవి ఆ రోజే, అందుకని ఆ అభిమానులంటే నాకు గౌరవం. ఒక ఏడు పక్క వీధిలో ఇంకో హీరో అభిమానులు పోటీ శిబిరం పెట్టారు. రెండు గుంపుల పెద్దలూ వచ్చి, "మా రక్తం వాళ్ళ అభిమానులకి ఎక్కించబోమని మాటియ్యండి" అని పట్టుబట్టారు. డాక్టరుగారు రెండు నిండు బ్యాగులు పక్కపక్కన పెట్టి, "ఇందులో మీ హీరో ఎవరో చూపించండి, అట్లే చేస్తాం" అన్నారు. ఆ గుంపుల్లో అందరికన్నా గట్టిగా ఈల వేసిన కుర్రాడు సూది చూసి కళ్ళు తేలేశాడు. మీసాలు మెలేసినవాళ్ళే ముందు పడతారు. కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుని మంచం పక్కన నిలబడండి.

ఇంకొక చిన్న సంగతి. మీ చేతి నరాలు నీలంగా కనిపిస్తాయని రక్తం నీలం కాదు. మనిషి రక్తం ఎప్పుడూ ఎరుపే, ముదురో లేతో అంతే. నిజంగా నీలి రక్తమున్నది ఆక్టోపస్‌కి. ఇది చెప్పినప్పుడల్లా బడిపిల్లలు గోల పెట్టేవారు. ఆ గోల కోసం నేను ఏ బడికైనా పోయేదాన్ని.

పుస్తకంలో లేదని

ఇక అసలు సంగతి. నన్ను నిలబెట్టి కాఫీ చల్లార్చింది ఇదే.

ఒక సోమవారం మధ్యాహ్నం మా కిటికీ దగ్గర ముప్పయ్యేళ్ళ రైతు నిలబడ్డాడు. పేరు మునిరెడ్డి. మిట్టేమరి దగ్గర పల్లె. తల దించుకునే అడిగాడు.

"మేడమ్, ఇక్కడ డీఎన్ఏ టెస్టు చేస్తారా?"

"ఎవరికప్పా?"

"నా కొడుక్కి."

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. టేబులు మీది గీతలు చూస్తూ ఒక్కసారిగా చెప్పేశాడు.

"నాది ఓ గ్రూపు మేడమ్. బాగేపల్లిలో మీ క్యాంపులోనే రక్తమిచ్చినా, కార్డు ఉండాది. నా పెండ్లానిదీ ఓ. కాన్పప్పుడు రాసిచ్చినారు. ఇప్పుడు పిల్లోడికి శాలెలో టీచర్లు ఐడీ కార్డుకని చూస్తే ఎ అని వచ్చె. మా అన్న కూతురు పదో తరగతి చదువుతాది. ‘చిన్నాయనా, ఓ కీ ఓ కీ ఎ పుట్టదు, మా సైన్సు పుస్తకంలో ఉండాది’ అనె. పండగకి చుట్టాలంతా కూర్చోనుంటే అందరి ముందర అనె. ఆ పిల్లకేం తెలుసు. మా అమ్మ నోరు మాత్రం ఊరుకోలేదు."

"నీ భార్య ఏమంది?"

"నేనే తప్పూ చేయలేదనె. నేను నోరు మెదపలేదు. పిల్లోణ్ణి తీసుకోని పుట్టింటికి పోయె." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడు వాళ్ళన్న ఫోన్ ఎత్తడు. మా వాళ్ళు పెద్దమనుషుల్ని పిలుస్తామంటాండారు. నాకు నిద్రలేదు మేడమ్."

పక్క టేబులు దగ్గర మా స్టాఫు ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నాకు కనిపించింది. ఆ రోజే వాళ్ళను గట్టిగా మందలించాను. మన పనిలో చెయ్యి శుభ్రంగా ఉండటం ఎంత ముఖ్యమో నోరు శుభ్రంగా ఉండటం అంత ముఖ్యం.

డాక్టరుగారు మునిరెడ్డి రక్తాన్ని రెండు వైపులా పరీక్ష చేయించారు. గట్టి ఓ. పిల్లవాడి రిపోర్టు చూశారు. శనక్కాయలు నమలడం ఆపారు.

"డీఎన్ఏ తర్వాత చూద్దామప్పా. ముందు ఆ తల్లి రక్తం చూడాలి. ఆమె సీరం ఎవరైనా చూసినారా? కాన్పు గడబిడలో పలక మీద రెండు చుక్కలు చూసి ఓ అని రాసుంటారు."

"ఆమె రాదు సార్. నేను పిలిస్తే అసలు రాదు."

ఆమె పుట్టిల్లు చింతామణి పక్క పల్లె. నా ఊరి దారే. "నేను పోతాను సార్" అన్నాను.

నాగవేణి

ఆ ఇంటి ముందర టెంపోలోకి టమాటా క్రేట్లు ఎక్కిస్తున్నాడు నాగవేణి అన్న రెడ్డెప్ప. నేనెవరో చెప్పగానే చేతిలో క్రేటు కింద పడేశాడు.

"ఇంకా ఏం కావల్ల వాళ్ళకి? మా చెల్లెల్ని పరీక్ష చేసి పాస్ అయితే ఇంట్లోకి రానిస్తారంటనా? పోయి చెప్పమ్మా, మా ఇంట్లో ఆమెకి అన్నం ఉండాది."

"ఉండన్నా." లోపలి నుంచి నాగవేణి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. ఏడ్చిన ముఖం కాదు, ఏడవడం అయిపోయిన ముఖం. "నేనేం చేసినానో, ఏం చేయలేదో నాకు తెలుసు మేడమ్. నాకెందుకు పరీక్ష?"

"నీకు తెలుసమ్మా. మాకే తెలియడం లేదు. మా కార్డులో ఓ అని రాసిన చోటే తప్పుందేమోనని మా డాక్టరుగారికి అనుమానం. నీ మీద కాదు, మా కార్డు మీద."

ఆ మాటకు ఆమె నావైపు తిరిగి చూసింది. వాకిట్లో పిల్లవాడు టమాటాలు వరసగా పేరుస్తున్నాడు. వాడివైపు చూస్తూ మెల్లగా అంది: "నిన్న వాడు అడిగినాడు మేడమ్. ‘అమ్మా, నాది తప్పు గ్రూపా?’ అని."

నేను వాడి పక్కన కూర్చుని ఒక టమాటా వరసలో పెట్టాను.

"రేపే వస్తా" అంది నాగవేణి. "వాళ్ళెవరూ ఆడ ఉండగూడదు."

నా కణాలే గుంపు కట్టాయి

మర్నాడు పదకొండింటికి రెడ్డెప్ప టెంపోలో తీసుకొచ్చాడు. రక్తం తీశాను. కణాల పరీక్ష: ఎ మందుకు గుంపు లేదు, బి మందుకు గుంపు లేదు. ఓ. ఎవరు చూసినా అదే రాస్తారు. సీరం తీసి మూడు ట్యూబుల్లో పోశాను. ఎ కణాలు వేశాను, గుంపు కట్టాయి. బి కణాలు వేశాను, గుంపు కట్టాయి. ఓ గ్రూపు మనిషి సీరం చేయాల్సిందే ఇది. మూడో ట్యూబులో ఓ కణాలు వేశాను. అవి నున్నగా ఉండాలి.

గుంపు కట్టాయి. ముద్దగా, గట్టిగా, ట్యూబు తిప్పినా విడిపోకుండా.

సీసా మారిందేమోనని ఇంకో సీసా తీశాను. మళ్ళీ అదే. నాది ఓ గ్రూపే. నా వేలు పొడుచుకుని నా కణాలు కడిగి వేశాను. నాగవేణి సీరంలో నా కణాలు కూడా గుంపు కట్టాయి! ప్రపంచంలో ఎవరికైనా ఇవ్వొచ్చని మేం చెప్పుకునే ఓ కణాలను ఈ పల్లె పిల్ల రక్తం పరాయివంటోంది.

"సార్!" అని అరిచాను. ఆస్పత్రిలో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

డాక్టరుగారు పరుగున వచ్చి, ట్యూబు వెలుతురుకు ఎత్తి చూశారు. తిప్పారు. మళ్ళీ చూశారు.

"సుగుణమ్మా, కుర్చీ వెయ్యి" అన్నారు. "నేను కూర్చోవల్ల."

కూర్చుని, ట్యూబు చేతిలోంచి వదలకుండానే అన్నారు: "పుస్తకంలో చదివినా. పాఠం చెప్పినా. కంటితో ఇప్పుడే చూస్తాండా. ఇది బొంబాయి గ్రూపు."

మొదట కనుక్కున్నది ఆ ఊళ్ళో కాబట్టి ఆ పేరు. చాలా అరుదు. దాన్ని ఖాయం చేయడానికి ఒక ముళ్ళపొద గింజల రసం కావాలి. మామూలు ఓ కణాలను ఆ రసం పట్టుకుంటుంది, బొంబాయి కణాలను పట్టుకోదు. మా దగ్గర లేదు. నాగవేణి రక్తమున్న ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంగళూరు బస్సెక్కాను. పక్క సీటావిడ, "చేపలా అమ్మా?" అని అడిగింది. "కాదమ్మా, బంగారం" అన్నాను. ఆమె కొంచెం జరిగి కూర్చుంది. బెంగళూరులో పెద్ద ల్యాబులో ఆ రసం వేశారు. నా కణాలు గుంపు కట్టాయి. నాగవేణి కణాలు నీళ్ళలో కుంకుమలా నున్నగా నిలిచాయి. అక్కడి టెక్నీషియన్లు వంతులవారీగా వచ్చి చూశారు. పెళ్ళికూతుర్ని చూడటానికి వచ్చినట్టు.

డాక్టరుగారు రెడ్డెప్పను కూడా పిలిపించారు.

"మీ అమ్మా నాన్నా పెండ్లికి ముందే చుట్టాలా అప్పా?"

"మా అమ్మ సొంత మేనమామనే చేసుకున్నె సార్. ఏం, యాల?"

ఈ గుణం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే పైకి తేలుతుంది. ఒకే వంశంలో పెళ్ళి చేసుకున్నప్పుడు అలా జరిగే అవకాశం ఎక్కువ. తోబుట్టువుల్లో ఇంకొకరికి కూడా ఉండొచ్చు. రెడ్డెప్ప రక్తం చూశాం. అతనిదీ బొంబాయే! అతను బెదిరిపోయి, "నాకేమన్నా జబ్బా సార్?" అన్నాడు. "జబ్బు కాదు. నువ్వు నీ చెల్లెలికి, నీ చెల్లెలు నీకు. అంత తొందరగా ఇంకెవరూ దొరకరు. టెంపో మెల్లగా నడుపు" అన్నారు డాక్టరుగారు.

చిలక్కొయ్య

అందరినీ ఒక మధ్యాహ్నం పిలిచాం. ఇటు మునిరెడ్డి, అతని తల్లి పాపమ్మ. అటు రెడ్డెప్ప, నాగవేణి. మధ్యలో డాక్టరుగారు కాగితం మీద అక్షరాలు, బాణాలు గీశారు. ఎవరికీ ఎక్కలేదు. ఆయన కాగితం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు.

"ఎ అనే గుర్తు కణం మీద నిలబడాలంటే ముందు దానికో ఆధారం ఉండాలమ్మా. అందరికీ ఉంటుంది. నాగవేణికి లేదు. ఎ గుణం ఆమె లోపల ఉంది, నిలబడే చోటు లేక పైకి కనపడదు. మా పలక మీద ఓ లాగా కనిపిస్తుంది. బిడ్డకు ఆమె ఎ గుణం ఇచ్చింది. ఆధారం తండ్రి వైపు నుంచి వచ్చింది. రెండూ కలిశాయి, బిడ్డలో ఎ కనిపించింది."

పాపమ్మ కళ్ళు చిన్నవి చేసుకుని విన్నది. "అంటే సామీ, చీర పెట్టెలో ఉండాది, తగిలించేకి చిలక్కొయ్య లేదు. బిడ్డకి కొయ్యా దొరికె, చీరా కనపడె. అంతేనా?"

డాక్టరుగారు పెద్దగా నవ్వి చేతులు చరిచారు. "అంతే తల్లీ, అంతే!"

"అయితే వాడు..." అని మునిరెడ్డి ఆగిపోయాడు.

"నీకు అనుమానం పుట్టించింది మా కార్డు. ఆ కార్డే సగం మాట. నీ అనుమానానికి కాలు నిలిపే చోటు లేదిప్పుడు. ఇంకా డీఎన్ఏ కావాలంటే బెంగళూరుకు రాసిస్తా. కావల్నా?"

"వద్దు సార్." తల అడ్డంగా ఊపాడు. "వద్దు."

నేను సంతోషంతో ఉబ్బిపోతున్నాను. కథ అయిపోయిందనుకున్నాను. అప్పుడు నాగవేణి మొదటిసారి నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"డాక్టరు చెప్తే నమ్మితివి. నేను చెప్తే యాల నమ్మలేదు?"

పాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగవేణి లేచి, మాకు దండం పెట్టి, అన్నతో పాటు టెంపో ఎక్కి వెళ్ళిపోయింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. మన పరీక్ష ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఒక ఇల్లు విరిగితే అతికించే మందు మన సీసాల్లో లేదు. సరైన రిపోర్టు ఇచ్చాం కదా, వాళ్ళు కాళ్ళ మీద పడి సంతోషపడాలి అనుకోకండి. వాళ్ళు పోగొట్టుకున్నది ఆ రిపోర్టుతో తిరిగిరాదు. ఇంకో మాట. బడుల్లో మేష్ట్రులు పిల్లల్ని అమ్మానాన్నల గ్రూపులు రాసుకురమ్మంటారు. వద్దని నేను పోయిన ప్రతి బడిలోనూ చెప్పాను. పుస్తకంలోని పట్టిక అబద్ధం కాదు, కానీ అందులో మినహాయింపులు రాయడానికి చోటుండదు. ఆ చోటులో ఒక నాగవేణి ఉంటుంది.

తర్వాత ఏం జరిగిందో నాగవేణే ఒకసారి నాకు ఫోన్లో చెప్పింది. మునిరెడ్డి ప్రతి ఆదివారం అత్తగారింటికి వచ్చేవాడట. రెడ్డెప్ప మాట్లాడేవాడు కాదు. "నేను కూరలో కారం గట్టిగా వేసి పెడితిని మేడమ్. కండ్లలో నీళ్ళు కారుతాండినా నోరెత్తకుండా తినె." కొన్ని వారాలయ్యాక ఆమె ఒక్కటే అడిగిందట: యాడ అనినారో ఆడనే సరిచేయండి అని. పండగనాడు కూర్చున్న చుట్టాలందరినీ మళ్ళీ పిలిచి, వాళ్ళ ముందర మునిరెడ్డి తప్పు తనదని చెప్పాడు. పాపమ్మ చీర, చిలక్కొయ్య కథ చెప్పింది. పదో తరగతి పిల్ల అందరికన్నా ఎక్కువ ఏడ్చిందట. నాగవేణే ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, "నువ్వు చదివింది నువ్వు చెప్పినావు, నీదేం తప్పు" అంది. ఆ తర్వాతే ఆమె మిట్టేమరి బస్సెక్కింది.

తోడబుట్టినవాడి రక్తం

రెండేళ్ళ తర్వాత నాగవేణికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ, బిడ్డ మాయ గర్భసంచిలో కింది వైపు ఉంది, ఆపరేషన్ చేయాలి, రక్తం బాగా పోవచ్చు అని చెప్పింది. నాగవేణి ఆమెకు, బొంబాయి గ్రూపు అని మేం రాసిచ్చిన చీటీ చూపించింది. ఆమె వెంటనే మాకు ఫోన్ చేసింది.

ఆలోచించండి. పండగనాటి ఆ గొడవ జరగకపోయి ఉంటే ఆమె కార్డులో ఓ అనే ఉండేది. రక్తం కారుతున్న మనిషికి కంగారులో ఓ రక్తం ఎక్కిస్తే ఆమె లోపలే ఆ కణాలన్నీ పగిలిపోయేవి. ప్రాణం దక్కేది కాదు. ఎక్కించే ముందు రెండు రక్తాలూ కలిపి చూసే పరీక్ష ఒకటుంది, అది జాగ్రత్తగా చేస్తే ప్రమాదం తెలుస్తుంది. కానీ తెలిశాక ఎక్కించడానికి రక్తం ఏది? ఆ గంటలో ఎక్కడ వెతుకుతాం? ఇప్పుడు మాకు వారాల గడువు దొరికింది. డాక్టరుగారు యుద్ధానికి పోతున్నట్టు చొక్కా చేతులు పైకి మడిచారు.

రెడ్డెప్ప ఆ పూట టమాటా లోడు వదిలేసి వచ్చాడు. "ఎంత కావల్నో అంత తీసుకోండి" అని చెయ్యి చాపాడు. ఒక బ్యాగే తీశాం. సినిమాలో అయితే తోడబుట్టినవాడి రక్తం అన్నిటికన్నా మంచిది. నిజంలో దగ్గరి చుట్టాల రక్తం నేరుగా ఎక్కించకూడదు. చాలా దగ్గరిది గనకే ఒంట్లో దొంగలా దాక్కుని హాని చేసే తెల్లకణాలు అందులో ఉంటాయి. రేడియేషన్ పెట్టి వాటిని అణచాలి. ఇది చెబితే రెడ్డెప్ప నొచ్చుకున్నాడు. "నా రక్తం నా చెల్లెల్ని ఏమి చేస్తుంది మేడమ్?" అన్నాడు. అరగంట నచ్చజెప్పాక బ్యాగు బెంగళూరుకు పంపాం.

ఒక్క బ్యాగు చాలదు. బొంబాయి గ్రూపువాళ్ళ వివరాలు తెలిసినవారిని ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుని ఫోన్లు చేశాను. హుబ్బళ్ళి వైపు ఒక బస్సు కండక్టర్ ఉన్నాడని తెలిసింది. ఫోన్ చేసి నాకొచ్చిన కన్నడమంతా వాడి బతిమాలబోయాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. ఏ రోజు, ఎక్కడికి, అని రెండే ప్రశ్నలు. ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున బెంగళూరులో దిగి, రక్తమిచ్చి, టిఫిన్ తిని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి పోయాడు. నాగవేణిని చూడనే లేదు.

ఆపరేషన్ రోజు ఆ రెండు బ్యాగులూ పెట్టుకుని నేనూ ఆ డాక్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళాను. బయట బెంచీ మీద ఒక చివర మునిరెడ్డి, ఇంకో చివర రెడ్డెప్ప. మధ్యలో పాపమ్మ, ఆమె ఒళ్ళో మనవడు. లోపలి నుంచి నర్సు పరుగున వచ్చి ఒక బ్యాగు తీసుకుపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి రెండోది తీసుకుపోయింది. ఇక మూడోది లేదు. ఆ సంగతి ఆ బెంచీ మీద నాకొక్కదానికే తెలుసు. గోడ మీది గడియారం వైపు చూడకుండా నా గాజులు లెక్కపెట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, "ఆడపిల్ల. తల్లి బాగుంది. రక్తం ఆగింది" అంది.

రెడ్డెప్ప లేచి బెంచీ ఆ చివరకు పోయి, రెండేళ్ళుగా పలకరించని మునిరెడ్డిని గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. తర్వాత వార్డులో నాగవేణి మంచం పక్కన, పుట్టిన బిడ్డ గ్రూపు చూడటానికి నేను ట్యూబు తీస్తుంటే పాపమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఏం చూసేది మేడమ్? అది మా బిడ్డ. రాసుకో."

"చూడకపోతే రేపు దానికే కష్టమమ్మా" అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. చివరికి నాగవేణి మత్తులోంచే, "చూడనియ్యత్తా" అంటే వదిలింది. ఆ పిల్లది ఓ. అసలైన ఓ. తండ్రి గ్రూపే.

ఎవరో ఒకామె

నేను రిటైరయ్యాక ఒక ఉదయం పాత ఆఫీసు నుంచి ఫోన్. బెంగళూరులో ఒకామెకు ఆపరేషన్, బొంబాయి గ్రూపు కావాలి, నాగవేణి నంబరు పలకడం లేదు, మీరు అడుగుతారా అని. మునిరెడ్డికి ఫోన్ చేశాను. వెనక నుంచి నాగవేణి గొంతు వినపడింది: "అడిగేదేముంది, పోదాం పద." బిడ్డకు రెండేళ్ళు దాటాయి, పాలు మానిపించింది, ఆమె ఒంట్లో రక్తం బాగుంది. అన్నీ చూసుకునే ఒప్పుకున్నాను. నేను దారిలో కలిశాను.

బస్సులో పాపమ్మ కూడా వచ్చింది. బెంగళూరు చేరేలోపు బస్సులో సగంమందికి తెలిసిపోయింది. "మా కోడలి రక్తం యాడా దొరకదమ్మా. బెంగళూరు డాక్టర్లే ఫోన్ చేసి పిలిపిస్తాండారు" అని ముందు సీటుకూ వెనక సీటుకూ చెప్పింది. నాగవేణి కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

సూది గుచ్చేటప్పుడు నాగవేణి కళ్ళు ఆర్పలేదు. బ్యాగు నిండుతుంటే దాన్నే చూస్తూ అడిగింది: "ఇది ఎవరికి మేడమ్?"

"చెప్పకూడదమ్మా."

"బిడ్డలుండారా ఆమెకి?"

"అదీ చెప్పకూడదు. నాకూ తెలీదు."

"సరే. ఉండారనుకుంటా" అని పిడికిలి ఇంకొంచెం గట్టిగా బిగించింది.

ధబ్ అని చప్పుడు. తిరిగి చూస్తే, బ్యాగులో రక్తం చూసి పాపమ్మ కళ్ళు తిరిగి గోడకు జారగిలబడింది. నర్సు పరుగెత్తుకొచ్చి, రక్తమిచ్చినవాళ్ళకని పెట్టిన పళ్ళరసం గ్లాసు ఎవరికివ్వాలో తెలియక మా ముఖాలు చూసింది. నాగవేణి మంచం మీద నుంచే ఖాళీ చెయ్యి చాపి అత్తవైపు చూపించింది.

"ముందు ఆమెకియ్యమ్మా" అంది. "నాకేం కాలేదు."